పంక్తిభేదం లేని బల్ల: జహీరాబాద్ అపార్ట్‌మెంట్లలో క్రైస్తవ ఆతిథ్యము

ఉపోద్ఘాతము

హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే జాతీయ రహదారి మీద సుమారు 100 కిలోమీటర్ల దూరంలో జహీరాబాద్ పట్టణం ఉంది. ఒకప్పుడు మెదక్ జిల్లాలో భాగమైన ఈ ఊరు 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పక్కనే కర్ణాటకలోని బీదరు ఉన్నందువల్ల ఇక్కడి బజారులో తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ, మరాఠీ మాటలు కూడా వినబడతాయి. చెరకు, అల్లం, ఆలుగడ్డ, జొన్న పండే ఈ నేలలో మహీంద్రా కర్మాగారం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాద్ కూడా ఒకటి. ఉద్యోగాల కోసం వచ్చేవారు పెరుగుతున్న కొద్దీ పెంకుటిళ్ళ స్థానంలో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మన సంఘాలలోని కుటుంబాలు కూడా పల్లెలోని వాకిలి, అరుగు, వేపచెట్టు నీడ విడిచి రెండు పడక గదుల ఫ్లాటులలోకి మారుతున్నాయి.

ఈ మార్పు గురించి ఆలోచించవలసిన అవసరం నాకు ఒక సంఘటన వలన కలిగింది. కొన్నేళ్ళ క్రితం మా సంఘంలోని ఒక కుటుంబం రెండవ అంతస్తులో కొత్తగా కొనుక్కొన్న ఫ్లాటులో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకొంది. సాయంత్రం ఏడు గంటలకు ఆరాధన, తరువాత బగారా అన్నం, మాంసం కూర. అదే అపార్ట్‌మెంటులో నాలుగు ఇళ్ళలో పనిచేసే ఒక సహోదరి మా సంఘ సభ్యురాలే. ఆమె పనులు ముగించుకొని వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. అప్పటికి కూర గిన్నె ఖాళీ అయింది. ఆమె వంటగది గుమ్మం దగ్గర కూర్చొని, మిగిలిన అన్నంలో పెరుగు వేసుకొని, వేరుగా ఉంచిన పళ్ళెంలో తిన్నది. తరువాత మేమందరం తిన్న గిన్నెలు తోమి వెళ్ళింది. నేను హాలులో కుర్చీలో కూర్చొని టీ తాగుతూ అదంతా చూశాను. ఏమీ అనలేదు. ఆ తరువాత వచ్చిన సంస్కారపు ఆదివారమున ఆమె చేతిలో రొట్టె పెట్టేటప్పుడు మాత్రం నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

మన తెలుగువారికి పంక్తిభేదం అనే మాట బాగా తెలుసు. ఒకే వరుసలో కూర్చున్నవారికి ఒకరికి ఒకలాగ, మరొకరికి ఇంకొకలాగ వడ్డించడం తప్పు అని మన పెద్దలు ఎరుగుదురు. అయితే వరుసలోనే చోటు దొరకనివారి సంగతి ఏమిటి? అపార్ట్‌మెంటులో నివసించే విశ్వాసులు ఇంట్లో, బయట, అపార్ట్‌మెంటు సామూహిక కార్యక్రమాలలో భోజనాన్ని ఎలా పంచుకోవాలో, దానిలో కాపరి బాధ్యత ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. ఆతిథ్యము, చుట్టరికము

అతిథి అనే మాటను మన పండితులు తిథి లేకుండా వచ్చేవాడు అని వివరిస్తారు. అంటే రోజు చెప్పి రానివాడు, మన లెక్కలో లేనివాడు. క్రొత్త నిబంధనలో ఆతిథ్యానికి వాడిన గ్రీకు మాట ఫిలోక్సెనియా. ప్రేమ, పరదేశి అనే రెండు మాటల కలయిక అది. పరదేశిని ప్రేమించడమే ఆతిథ్యం అని దాని భావం (రోమా 12:13, హెబ్రీ 13:2). మమ్రే దగ్గర అబ్రాహాము ఎండవేళ వచ్చిన ముగ్గురి ఎదుటికి పరుగెత్తాడు. వారెవరో అతనికి ముందుగా తెలియదు (ఆదికాండము 18:1-8).

మనం ఇళ్ళలో చేసే విందులు ఎక్కువ భాగం చుట్టరికానికి సంబంధించినవి. పుట్టినరోజుకు పిలిచినవారు మళ్ళీ మనలను పిలుస్తారు. పెళ్ళికి వచ్చినవారు చదివించిన కట్నం పుస్తకంలో రాసి ఉంటుంది. చుట్టరికం చెడ్డది కాదు. దేవుడు ఇచ్చిన బంధమే అది. అయితే లూకా 14:12-14లో ప్రభువు, తిరిగి పిలవగలిగే స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని కాక, తిరిగి ఇవ్వలేని బీదలను, అంగహీనులను, కుంటివారిని, గ్రుడ్డివారిని పిలువుమని చెప్పాడు. తిరుగు పిలుపు రాదని తెలిసి కూడా పిలిచినప్పుడే చుట్టరికం ఆతిథ్యంగా మారుతుంది.

అధ్యక్షుని లక్షణాలను చెప్పేటప్పుడు పౌలు అతిథిప్రియత్వాన్ని బోధనా సామర్థ్యానికి పక్కనే ఉంచాడు (1 తిమోతి 3:2, తీతు 1:8). సెమినరీలో మనం బోధకు మార్కులు వేస్తాం. ఆతిథ్యానికి ఏ పరీక్షా పెట్టం.

2. మొదటి శతాబ్దపు అపార్ట్‌మెంట్లు

“మా ఇల్లు చిన్నది అయ్యగారూ, అందరినీ పిలవలేం” అనే మాట ప్రతి కాపరీ వింటాడు. ఆ మాట నిజమే. అయితే సంఘం పుట్టింది విశాలమైన మందిరాలలో కాదని మనం మరచిపోకూడదు.

రోము నగరంలో సామాన్య ప్రజలలో ఎక్కువమంది నివసించినది ఇన్సులాలు అనబడే అనేక అంతస్తుల భవనాలలో. క్రింది అంతస్తులో దుకాణాలు, మొదటి అంతస్తులో కొంత కలిగినవారు, పైకి పోయిన కొద్దీ చిన్న గదులు, ఎక్కువ బీదవారు. ఈ భవనాలు కూలిపోతూ, తగలబడుతూ ఉన్నందున అగస్టస్ చక్రవర్తి వాటి ఎత్తును 70 రోమను అడుగులకు, అంటే సుమారు 21 మీటర్లకు పరిమితం చేశాడు. రోము ఓడరేవైన ఓస్తియలో రెండవ శతాబ్దపు ఇన్సులాల శిథిలాలు ఈనాటికీ చూడవచ్చు. పై అంతస్తుల గదులు చాలావాటిలో సరైన వంటగది ఉండేది కాదు. అక్కడివారు క్రింద వీధిలోని పూటకూళ్ళ అంగళ్ళలో వేడి భోజనం కొనుక్కొనేవారు. బయట తినడం అనేది ఈ కాలపు అపార్ట్‌మెంటువారు కనిపెట్టిన అలవాటు కాదు.

అపొస్తలుల కార్యములు 20:7-12లో త్రోయలో రొట్టె విరచుటకు కూడుకొన్న విశ్వాసులు ఒక మేడగదిలో ఉన్నారు. ఐతుకు అనే యౌవనుడు కిటికీలో కూర్చొని నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిపోయాడు. అతడు కిటికీలో ఎందుకు కూర్చున్నాడో లేఖనం చెప్పదు. దీపాలు అనేకం ఉన్నాయని మాత్రం చెబుతుంది. ఇరుకైన పై అంతస్తు గదిలో ప్రార్థన పెట్టుకొన్న ఎవరికైనా ఆ ఉక్క అర్థమౌతుంది. అతడు బ్రతికిన తరువాత పౌలు మళ్ళీ పైకి వెళ్ళి, రొట్టె విరిచి తిన్నాడు.

రాబర్ట్ జూయెట్ అనే క్రొత్త నిబంధన పండితుడు 1993లో రాసిన వ్యాసంలో, తొలి సంఘాలలో కొన్ని గొప్పవారి ఇళ్ళలో కాక ఇటువంటి అద్దె భవనాలలో కూడుకొని ఉంటాయని ప్రతిపాదించాడు. ధనవంతుడైన పోషకుడు లేని అటువంటి చోట భోజనాన్ని అందరూ కలిసి సమకూర్చుకొని ఉండాలని అతని వాదన. పని చేయనొల్లనివాని భోజనం గురించి 2 థెస్సలొనీక 3:10లో ఉన్న కట్టడ ఇటువంటి ఉమ్మడి భోజనాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినదని అతడు వివరిస్తాడు. ఇది ఒక ప్రతిపాదన మాత్రమే. అందరు పండితులూ దానిని అంగీకరించరు. అయినా మన ఫ్లాటు విశ్వాసులకు అది ధైర్యం ఇచ్చే ఆలోచన. పెద్ద ఇల్లు, పెద్ద ఖర్చు, పెద్ద యజమాని లేకపోయినా బల్ల వేయవచ్చు.

3. కొరింథు బల్ల దగ్గర జరిగినది

ఇంటి వైశాల్యం ఒక సంఘాన్ని ఎలా చీల్చగలదో కొరింథు చూపిస్తుంది. జెరోమ్ మర్ఫీ ఓకానర్ 1983లో ప్రచురించిన గ్రంథంలో కొరింథు దగ్గర అనప్లోగలో బయటపడిన ఒక సంపన్న గృహం కొలతలను పరిశీలించాడు. దాని భోజనశాల 5.5 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవు. ఆ కాలపు ఆచారం ప్రకారం పడకలపై ఒరిగి భోజనం చేస్తే తొమ్మిదిమందికి మాత్రమే అందులో చోటు. మిగిలినవారు బయటి ముంగిలిలో సర్దుకోవాలి. యావత్సంఘానికి ఆతిథ్యమిచ్చిన గాయియు (రోమా 16:23) ఇంటిలో కూడ ఇటువంటి పరిస్థితి ఏర్పడి ఉండవచ్చునని అతని ఊహ. డేవిడ్ హారెల్ 2004లో దీనిని ప్రశ్నించి, దుకాణాల పైనున్న మామూలు గదులను కూడా లెక్కలోకి తీసుకోవాలని సూచించాడు. ఇల్లు ఏదైనా, పౌలు గద్దించిన తప్పు మాత్రం స్పష్టంగానే ఉంది.

1 కొరింథీ 11:17-34ను గమనిస్తే ఆ తప్పులో మూడు భాగాలు కనబడతాయి. మొదటిది సమయం. తీరిక ఉన్నవారు ముందుగా వచ్చి తినేవారు. దాసులు, కూలివారు పని ముగించుకొని వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. అందుకే పౌలు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడని ఆజ్ఞాపించాడు. రెండవది ఆహారం. ఒకడు ఆకలితో ఉండగా మరొకడు మత్తుడయ్యాడు. మూడవది అవమానం. లేనివారిని సిగ్గుపరచడం దేవుని సంఘాన్ని తిరస్కరించడమే అని పౌలు తేల్చి చెప్పాడు.

ఈ భాగాన్ని నేను అనేక పర్యాయములు సంస్కారపు ఆరాధనలో చదివాను. అయోగ్యముగా తినడం అంటే పొగ, మద్యం, వ్యభిచారం అని ప్రసంగించాను. శరీరమని వివేచించకపోవడంలో, పనిచేసి ఆలస్యంగా వచ్చిన సహోదరి కోసం కూర తీసి పెట్టకపోవడం కూడా ఇమిడి ఉందని ఆ ఫ్లాటులో కూర్చున్న రాత్రి వరకు నాకు తోచలేదు. సమయం, ఆహారం, అవమానం మూడూ ఆ రాత్రి మా మధ్య ఉన్నాయి.

అయితే ఫ్లాటుకు ఒక మేలు ఉంది. కొరింథు గృహంలో లోపలి శాల, బయటి ముంగిలి అని రెండు చోట్లు ఉన్నాయి. మన పల్లె ఇళ్ళలో అరుగు, పంచ, నడిమిల్లు అని మెట్లు ఉండేవి. ఎవరు ఎక్కడి వరకు రావచ్చునో కులమే నిర్ణయించేది. ఫ్లాటులో వాకిలి లేదు, అరుగు లేదు. తలుపు తెరిస్తే హాలు. పిలిచినవాడు నేరుగా ఇంటి మధ్యకే వస్తాడు. కట్టడం చేయని భేదాన్ని మనమే వంటగది గుమ్మం దగ్గర మళ్ళీ కట్టకుండా ఉంటే చాలు.

4. మన చరిత్రలో బల్ల

ఈ ప్రశ్న మన దేశపు సంఘానికి కొత్తది కాదు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం, కులాన్ని విడిచినందుకు గురుతుగా అంటరానివారు వండిన భోజనాన్ని తినడానికి ఒప్పుకోనివారికి బాప్తిస్మము ఇవ్వరాదని తీర్మానించింది. లీప్‌జిగ్ లూథరన్ మిషన్‌వారు అంత కఠినమైన పద్ధతిని అంగీకరించలేదు. బలవంతపు పరీక్షగా పెట్టడం సరియైనదేనా అనే చర్చ ఈనాటికీ ఉంది. కాని ఒక సంగతి ఇరుపక్షాలకూ తెలుసు. మన సమాజంలో కులం ముందుగా బయటపడేది భోజనం దగ్గరే. అంతియొకయలో కేఫా అన్యజనులతో కలిసి తినడం మానుకొన్నప్పుడు పౌలు ముఖాముఖిగా ఎదిరించినది కూడా అందుకే (గలతీ 2:11-14).

మెథడిస్టులకు ప్రేమవిందు అనే మంచి వారసత్వం ఉంది. జాన్ వెస్లీ 1737లో అమెరికాలోని సవన్నాలో మొరావియనుల ప్రేమవిందులో పాల్గొని, తరువాత దానిని తన సహవాసాలలో ప్రవేశపెట్టాడు. అందులో పెట్టినవి రొట్టె, నీరు మాత్రమే. తరువాత ఒక్కొక్కరు సాక్ష్యం చెప్పేవారు. ఖర్చు లేనందువల్ల గని కార్మికుడూ భూస్వామీ ఒకే గిన్నెలోనుండి త్రాగారు. ఏటా నవంబరులో జరిగే ధారూరు జాతరకు మన కుటుంబాలు వెళ్ళి, గుడారాలు వేసుకొని, పొయ్యి పెట్టుకొని వండుకొన్నప్పుడు పక్క గుడారానికి కూర పంపడం ఎవరూ నేర్పకుండానే జరుగుతుంది. అక్కడ చేసినది ఇంటికి తిరిగి వచ్చి తలుపు వేసుకోగానే మరచిపోతున్నాం.

మెదక్ దేవాలయం సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు కాలంలో పని కల్పించి, కూలికి బదులు ఆహారం ఇచ్చి కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. ఆ గోపురం క్రింద నిలబడినప్పుడు దాని రాళ్ళ వెనుక కొన్ని వేల పూటల అన్నం ఉందని జ్ఞాపకం చేసుకోవాలి.

జహీరాబాద్ ప్రాంతం ఇంకొక పాఠం కూడా నేర్పింది. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా సుమారు 75 గ్రామాలలో, ఎక్కువగా దళిత మహిళలతో సంఘాలు ఏర్పరచింది. బీడు భూములలో జొన్న, కొర్ర, సామ, తైద పండించి, విత్తనం దాచి, తమ ఊరి ఆకలి తామే తీర్చుకొన్న ఆ మహిళల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి లభించింది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో వారి సంఘం రేడియో మొదలైంది. సంక్రాంతి నాటినుండి ఎడ్లబండ్ల మీద విత్తనాలు అలంకరించి ఊరూరా సాగే పాత పంటల జాతరలో వారే ఊరివారికి చిరుధాన్యాల భోజనం వడ్డిస్తారు. ఒకప్పుడు ఇతరుల పొలాల్లో కూలిగింజల కోసం నిలబడిన స్త్రీలు ఇప్పుడు వచ్చినవారిని కూర్చోబెట్టి పెడుతున్నారు. బీదవారిని పిలవడం గురించి మనం మాట్లాడతాం. వారు పిలిస్తే వెళ్ళి తినడం కూడా ఆతిథ్యంలో సగభాగం. ప్రభువు జక్కయ్య ఇంట బస చేశాడు, సమరయ స్త్రీని నీళ్ళు అడిగాడు. ఎమ్మాయులో అతిథిగా వచ్చి రొట్టె విరిచాడు.

5. ఆచరణకు కొన్ని సూచనలు

(అ) ఇంట్లో పెట్టే భోజనము

మొదట సమయం. ప్రార్థన ఎన్ని గంటలకు అని నిర్ణయించే ముందు, అందరికంటే ఆలస్యంగా పని ముగిసేది ఎవరికో అడగాలి. షిఫ్టులో పనిచేసే కార్మికుడు, ఇళ్ళలో పనిచేసే సహోదరి, దుకాణం కట్టి రావలసినవాడు వచ్చేవరకు వడ్డన మొదలుపెట్టకూడదు. ఆదివారం మధ్యాహ్నం చాలామందికి వీలౌతుంది.

రెండవది చోటు. హాలులోని కుర్చీలు, సోఫాలు గదిలోకి జరిపి శతరంజి పరిస్తే పదిహేనుమంది ఎదురెదురుగా రెండు వరుసలలో కూర్చోవచ్చు. కింద కూర్చోలేని పెద్దలకు తప్ప కుర్చీలు వద్దు. కాపరికి ప్రత్యేకమైన కుర్చీ అసలే వద్దు. అందరికీ ఒకే రకమైన మోదుగాకు విస్తళ్ళు వేస్తే ఏ పళ్ళెం ఎవరిదనే ప్రశ్న ఉండదు. ఎవరూ ఒకరి ఎంగిలి తోమవలసిన పని కూడా ఉండదు. వంట గిన్నెలు మాత్రం అతిథులలో ఎవరూ కాక ఇంటివారే కడుక్కోవాలి.

మూడవది సంఖ్య. అరవైమందిని ఒక్కసారి పిలిచి మెట్ల మీద నిలబెట్టడం కంటే, నెలకొకసారి పన్నెండు పదిహేనుమందిని పిలవడం మంచిది. సంఘ పట్టికలో వరుసగా పేర్లు తీసుకొని పిలిస్తే ఏడాదిలో ఎవరూ మిగిలిపోరు. మనకు నచ్చినవారినే పిలిచే అలవాటు కూడా తగ్గుతుంది.

నాలుగవది వంట. అప్పు చేసి మాంసం పెట్టనవసరం లేదు. జొన్న రొట్టె, పప్పు, పుంటికూర, పచ్చిపులుసు ఉంటే ఈ ప్రాంతంలో ఎవరూ వంక పెట్టరు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు కూడా జొన్న రొట్టెను సంతోషంగా తీసుకొంటారు. ఒకరు పప్పు, ఒకరు కూర, ఒకరు పెరుగు తెచ్చుకొంటే భారం ఒక ఇంటిమీద పడదు. ఏమీ తేలేనివారి చేత ప్రార్థన చేయించండి. వారిని ఖాళీ చేతులవారిగా చూడకండి.

ఐదవది ఆహార నియమాలు. పొరుగింటి శాకాహారులను పిలిచినప్పుడు వేరే గిన్నె, వేరే గరిటె వాడి, ఏది దేనితో వండారో ముందే చెప్పాలి. ముస్లిము పొరుగువారికి హలాల్ మాంసం పెట్టలేకపోతే శాకాహారమే వండడం ఉత్తమం. రోమా 14 అధ్యాయం మన వంటగదులలో చదవదగినది. కూరగాయలే తినేవానిని తినువాడు తృణీకరించకూడదు, తినేవానిని తిననివాడు తీర్పు తీర్చకూడదు. ఈ రెండవ సగం కూడా చెప్పాలి. కొన్ని అపార్ట్‌మెంట్లలో మాంసం వండేవారికి ఇల్లు అద్దెకు ఇవ్వరు. కిటికీలు మూసుకొని చేపల కూర వండుకొనే కుటుంబాలు మన సంఘాలలో ఉన్నాయి. ఇతరులు పెట్టే అవమానాన్ని మనం తొలగించలేకపోవచ్చు. తన తిండిని గురించి సిగ్గుపడనక్కరలేని ఒక బల్లనైనా సంఘం వారికి ఇవ్వాలి.

ఆరవది పొరుగువారి మర్యాద. కూడిక ఉన్న సంగతి రెండు రోజుల ముందే పక్క ఇళ్ళవారికి చెప్పండి. హాలులో మైకు అవసరం లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు లౌడుస్పీకర్ల మీద నిషేధం ఉందని కూడా గుర్తుంచుకోవాలి. చెప్పులు మెట్లకు అడ్డం లేకుండా ఒక పక్కన పెట్టించండి. లిఫ్టు వృద్ధులకు వదలండి. దగ్గరి పొరుగువారికి ఒక గిన్నెలో తినుబండారం పంపండి. అయితే వాచ్‌మన్ కుటుంబానికి సెల్లారులోకి పొట్లం పంపి సరిపెట్టుకోవద్దు. వారిని పైకి పిలిచి వరుసలో కూర్చోబెట్టండి.

ఆతిథ్యానికి హద్దు కూడా ఉంది. ప్రాచీన సంఘపు బోధగ్రంథమైన డిడఖే, ప్రయాణికుడు రెండు రోజులు, అవసరమైతే మూడు రోజులు ఉండవచ్చునని చెప్పి, తరువాత పని చూసుకోవాలని సూచిస్తుంది. ఇరుకైన ఇంటిలో గృహిణి మీద పడే భారాన్ని భర్త, పిల్లలు పంచుకోకపోతే అది ఆతిథ్యం కాదు, వెట్టి. సణుగుకొనకుండా ఆతిథ్యం చేయమని 1 పేతురు 4:9 చెప్పినది వంట చేసే ఒక్కరికే కాదు.

(ఆ) బయట భోజనము

రహదారి పక్కన ధాబాలు, పట్టణంలో బిర్యానీ హోటళ్ళు, ఇరానీ చాయ్ దుకాణాలు, రంజాను నెలలో హలీమ్ దొరికే ఊరు మనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడ కెఫే ఎథ్నిక్ పేరుతో చిరుధాన్యాల హోటలు తెరిచింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎంతో ముందే జహీరాబాద్ బల్లమీద కొర్ర, సజ్జ ఉన్నాయి.

ఆదివారం ఆరాధన ముగిశాక కలిగినవారు కుటుంబాలతో హోటలుకు వెళ్ళడం, మిగిలినవారు ఆటో కోసం నిలబడడం ఇప్పుడు సాధారణమైంది. బయట తినడం తప్పు కాదు. వెళ్ళేటప్పుడు ఒక చోటు ఎక్కువ తీసుకోండి. ఒంటరిగా ఉన్న వృద్ధురాలిని, హాస్టలులో చదివే విద్యార్థిని, కొత్తగా ఉద్యోగానికి వచ్చి ఊరిలో ఎవరూ తెలియని యువకుణ్ణి వెంట తీసుకువెళ్ళండి. డబ్బు ఎవరు ఇచ్చారో నలుగురిలో తెలియనవసరం లేదు. అక్కడ వడ్డించే కుర్రవానితో మర్యాదగా మాట్లాడండి. బల్లమీద కృతజ్ఞతా ప్రార్థన చేసి, వడ్డించినవానిని కసిరితే ఆ ప్రార్థన వృథా.

(ఇ) అపార్ట్‌మెంటు సామూహిక కార్యక్రమములు

అసోసియేషన్ కార్యక్రమాల విషయంలో విశ్వాసులు తరచుగా కాపరిని అడుగుతారు. వీటిని మూడు విధాలుగా చూడవచ్చు. ఆగస్టు 15, జనవరి 26 జెండా వందనం, వైద్య శిబిరం, మొక్కలు నాటడం, నీళ్ళ ట్యాంకు శుభ్రం చేయించడం పౌరధర్మాలు. వీటిలో మనం ముందుండాలి. సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల ఆటలు, అందరూ వంట తెచ్చుకొని తినే వనభోజనాలు పొరుగువారి సహవాసాలు. వీటికి దూరంగా ఉంటే మనలను ఎవరూ ఎరుగరు. మూడవది పూజతో కూడినవి. ఇక్కడ 1 కొరింథీ 10:25-31 మనకు దారి. బజారులో అమ్మేదాని గురించి విచారణ చేయవద్దని, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే పెట్టినది తినవచ్చునని, అది బలి అర్పించబడినదని ఒకరు చెబితే ఆ చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తం తినవద్దని పౌలు వేరువేరుగా చెప్పాడు. అన్నిటికీ ఒకే జవాబు ఇవ్వలేదు. మెయింటెనెన్సు డబ్బు ఆలస్యం చేయకుండా కట్టి, పూజ చందా విషయంలో తన మనస్సాక్షిని వినయంగా తెలియజేసి, ప్రసాదం ఇచ్చిన పొరుగువారిని నొప్పించకుండా మృదువుగా మాట్లాడే విశ్వాసిని అపార్ట్‌మెంటు గౌరవిస్తుంది.

మనం క్రిస్మసుకు పొరుగువారిని పిలిచేటప్పుడు నిజాయితీ ఉండాలి. భోజనం అని పిలిచి గంటసేపు ప్రసంగం వినిపించడం మోసం. ప్రార్థన ఉంటే ఉన్నదని ముందే చెప్పండి. రావడం, రాకపోవడం వారి ఇష్టం. భోజనం ఎరగా మారితే అది ఆతిథ్యం కాదు. రంజాను పండుగకు షీర్ ఖుర్మా పంపిన పొరుగింటికి మనం క్రిస్మసు పిండివంటలు పంపినప్పుడు ఆ రెండు గిన్నెలూ ఖాళీగా తిరిగి పోకుండా ఉంటే, గోడ పక్కనున్న ఇల్లు నిజంగా పొరుగిల్లు అవుతుంది.

6. కాపరి బాధ్యత

కాపరి ఎక్కువసార్లు అతిథి. డెబ్బదిమందిని పంపేటప్పుడు ప్రభువు, ఇంటింటికి తిరుగక, తమ ముందు పెట్టినది తినుమని చెప్పాడు (లూకా 10:7-8). మంచి వంట ఉన్న ఇంటికి త్వరగా, జొన్న అంబలి ఉన్న ఇంటికి ఆలస్యంగా వెళ్ళే కాపరిని సంఘం గమనిస్తుంది. తనకు వేరుగా పెట్టిన మాంసం ముక్కను, వేరుగా వేసిన కుర్చీని కాపరి కాదనగలిగితే మిగిలిన పంక్తి దానంతట అదే సరి అవుతుంది. కాదనలేకపోతే అతని ప్రసంగం ఎంత గొప్పదైనా ఆ కుర్చీ వేరే ప్రసంగం చేస్తుంది.

కాపరి ఆతిథ్యం ఇచ్చేవాడు కూడా. పార్సనేజీ తలుపు అందరికీ తెరిచి ఉండాలి. కాపరి భార్య ఒక్కతే దాని భారం మోయకుండా సంఘం ఏర్పాటు చేయాలి. సెమినరీలలో పాస్టరల్ కేర్ పాఠంతో పాటు, విద్యార్థులు మెస్సులో వంతులవారీగా వండి, వడ్డించి, గిన్నెలు కడిగే అనుభవాన్ని కూడా శిక్షణలో భాగంగా చూడవచ్చు. సంస్కారానికి ముందు వారం, ఒకరితో ఒకరు కలిసి తినని కుటుంబాలు సంఘంలో ఉన్నాయేమో కాపరి పరిశీలించాలి.

ముగింపు

ఆ సంస్కారపు ఆదివారం సాయంకాలం నేను ఆ సహోదరి ఉండే ఒంటిగది ఇంటికి వెళ్ళి క్షమించుమని అడిగాను. “మాకు అలవాటే అయ్యగారూ, మీరెందుకు పరేషాన్ అయితరు” అని ఆమె అన్నది. ఆమె కోపగించుకొని ఉంటే నాకు కొంత తేలిక అయ్యేది. అలవాటే అన్న ఆ మాట నన్ను విడిచిపోలేదు. మన సంఘంలో ఇన్ని సంవత్సరాలు సంస్కారం తీసుకొన్న ఒక సహోదరికి మనం అలవాటు చేసినది అదా?

ఫ్లాటు ఇంటివారితో మాట్లాడడం అంతకంటే కష్టమైంది. వారు చెడ్డవారు కారు. “మేము గమనించలేదు అయ్యగారూ” అన్నారు. అది నిజం. నేను గమనించి కూడా ఊరుకొన్నాను. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో పాఠకులు చెప్పగలరు.

మరుసటి కూడిక ఆ సహోదరి గదిలో పెట్టుకొందామని ఆ ఇంటి అమ్మగారే అడిగింది. ఎనిమిదిమందిమి వెళ్ళాం. అంతకంటే ఎక్కువమందికి చోటు లేదు. ఎప్పుడు రావాలో ఆమెనే అడిగాం. ఆదివారం మూడు గంటలకు రమ్మన్నది. జొన్న రొట్టెలు కాల్చి, తుమ్మికూర పప్పు వండింది. మేము గోడకు ఆనుకొని ఒకే వరుసలో కూర్చున్నాం. నన్ను మొదట కాక మధ్యలో కూర్చోమన్నది. నేను కూర్చున్నాను. ఆమె వడ్డించడం అయ్యాక, “మీరూ రండి” అని ఆ ఫ్లాటు ఇంటి అమ్మగారు జరిగి పక్కన చోటు ఇచ్చింది. ఆమె కొంచెంసేపు తటపటాయించి వచ్చి కూర్చొంది. అందరి విస్తళ్ళలో రొట్టె పడ్డాకనే మేము తినడం మొదలుపెట్టాం.